గాబా ప్లస్

మెదడులో గాబరాను అణిచే రసాయనం పేరు గాబా. పేరు పెట్టినవాళ్లకు తెలుగు వచ్చి ఉండదు, అయినా భలే కుదిరింది. నరాల కణాలకు "ఇక చాలు, ఊరుకో" అని చెప్పడం దీని ఉద్యోగం. "ఊఁ, కానివ్వు" అని ఎగదోసేది గ్లూటమేట్. నూడుల్స్ బండి దగ్గర టేస్టింగ్ సాల్ట్ అని చల్లేది దీని ఉప్పే.

ఎవరి తలలో ఎంత గాబా ఉందో సూది గుచ్చకుండా, ఎమ్మారై మిషన్‌లో పడుకోబెట్టి కొలుస్తున్నారు. యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు 1993లోనే కొలిచి చూపించారు. చిక్కల్లా ఏమిటంటే, మెదడులో గాబా ఒక పాలు ఉంటే నీళ్లు దాదాపు 40 వేల పాళ్లు. పైగా గాబా సిగ్నల్ వచ్చే చోటే క్రియాటిన్ అనే పెద్దమనిషి మఠం వేసుకుని కూర్చుంటాడు.

అందుకని గిల్లుడు పద్ధతి కనిపెట్టారు. గాబా అణువును రేడియో తరంగంతో ఒకచోట గిల్లితే ఇంకోచోట ఉలిక్కిపడుతుంది. క్రియాటిన్‌కు చీమ కుట్టినట్టయినా ఉండదు. గిల్లి ఒకసారి, గిల్లకుండా ఒకసారి సిగ్నల్ పట్టి, ఇందులోంచి అది తీసేస్తే మిగిలిందే గాబా. లోడు లారీని, ఖాళీ లారీని కాటా వేసినట్టన్నమాట. కాకపోతే ఈ లారీలో లోడు ఒక బుట్టెడు నిమ్మకాయలు. పది నిమిషాల పాటు ఈ తూకం సాగుతుంటే లోపలున్నవాడు తల కదిపాడా, బుట్ట గల్లంతు. కాబట్టి మిషన్ డబడబలాడుతుండగా "టెన్షన్ పడకండి, కదలకండి" అని చెబుతారు. గాబరా తగ్గించేదాన్ని కొలవడానికి మనిషిని గాబరా పెట్టడం శాస్త్రానికే చెల్లింది.

ఇంతా చేస్తే వచ్చేది సుమారు 27 మిల్లీలీటర్ల మెదడు ముద్దకు సగటు లెక్క. అందులో ఎంత గాబా డ్యూటీలో ఉందో, ఎంత గోడౌన్‌లో పడుకుందో తేలదు. లెక్క చెప్పే యూనిట్ పేరు చాలాచోట్ల "సంస్థాగత యూనిట్". అంటే ఊరికో మానిక.

అయినా వీళ్లకు నేను దండం పెడతాను. ఆ గిల్లుడు కాస్త మొరటుది, పక్కనున్న పెద్ద అణువులకూ తగులుతుంది. వచ్చిన సిగ్నల్‌లో ఇంచుమించు సగం వాటిదే. దాన్ని దాచకుండా పరిశోధన పత్రాల్లో "గాబా ప్లస్" అని రాసుకుంటారు. గ్లూటమేట్‌ను దాని తోబుట్టువు గ్లూటమిన్ నుంచి విడదీయలేనప్పుడు రెంటినీ కలిపి "జీఎల్ఎక్స్" అంటారు. ఆ ఎక్స్ లెక్కల మాస్టారి ఎక్స్ లాంటిదే.

ఈ నిజాయితీని ఊళ్లోనూ అమలు చేద్దామని, మా పాలతన్ని క్యాన్ మీద "పాలు ప్లస్" అని రాయించుకోమన్నాను. ఎందుకన్నాడు. గాబా సంగతంతా చెప్పాను. లీటరు కొలత గిన్నెలోకి వంపుతూ శ్రద్ధగా విన్నాడు.

"సగమా!" అన్నాడు నోరు వెళ్లబెట్టి. "మేమింకా అంతకు దిగలేదండీ."