ఎంటర్ కొట్టడమే ఉద్యోగ ధర్మం

ఉత్తరం ఎవరికి వెళ్లాలో నిర్ణయించే శ్రమ నుంచి ఈమెయిల్ ప్రోగ్రాములు గుమాస్తా మొదలుకొని డైరెక్టరు వరకు అందరినీ విముక్తుల్ని చేశాయి. 'టు' గడిలో 'శ్రీ' అని కొట్టగానే శ్రీనివాస్, శ్రీలక్ష్మి, శ్రీధర్ వరుసగా దిగుతారు. అందరికంటే పైనున్నవారిని ఎంచుకుని ఎంటర్ కొట్టడమే మన పని. జీతాల పట్టిక ఏ శ్రీనివాస్‌కు చేరాలన్న విషయంలో యంత్రానికి కులమూ లేదు, ప్రాంతమూ లేదు, కనుక దాని తీర్పును శంకించడం సంస్కారం కాదు.

ఈ ధర్మాన్ని అత్యున్నత స్థాయిలో ఆచరించి చూపిన ఘనత ఆస్ట్రేలియా వలస శాఖది. 2014 నవంబరులో బ్రిస్బేన్‌లో జరగనున్న జీ-20 సదస్సుకు ముందు, ఒబామా, పుతిన్, మన మోదీ సహా 31 మంది అధినేతల పుట్టిన తేదీలు, పాస్‌పోర్టు నంబర్లు, వీసా వివరాలను ఆ శాఖ ఉద్యోగి ఒకరు పంపగా, ఔట్‌లుక్ అనే ఈమెయిల్ ప్రోగ్రాము సూచించిన పేరును సరిచూసుకోని కారణంగా అవి ఆసియా కప్ ఫుట్‌బాల్ నిర్వాహక సంఘ సభ్యుడొకరికి చేరాయి. ముప్పు స్వల్పమే గనుక అధినేతలకు తెలియజేయనవసరం లేదని అధికారి ఒకరు రాశారు. (తెలియజేయాలంటే మళ్లీ 'టు' గడి నింపాలి కదా, ఆయన దూరదృష్టిని మెచ్చుకోవాలి.)

ఇలా పేర్లు సూచించే జాబితాను శుభ్రం చేయవచ్చని వాదించే అతివాదులూ ఉన్నారు. పేరు పక్కనున్న ఇంటూ గుర్తు నొక్కితే ఆ చిరునామా పోతుందట; ఔట్‌లుక్ ఆప్షన్లలోని మెయిల్ విభాగానికి వెళ్తే జాబితా మొత్తాన్నీ ఖాళీ చేసే బటన్ ఉందట; జీమెయిల్‌లోనైతే కొత్తవారిని దానంతటది చేర్చుకోకుండా ఆపవచ్చట. ఇవన్నీ నిజమే. కానీ ఎప్పుడో రిటైరైన సూపరింటెండెంటునూ, అక్షరం తప్పు కొట్టిన చిరునామానూ, గొడవపడి మానేసిన కాంట్రాక్టరునూ సమానంగా గుర్తుంచుకునే ఆ వినయశీలిని నిర్దాక్షిణ్యంగా తుడిచేయడానికి మనసెలా ఒప్పుతుంది?

పొరపాటు జరిగినా దిద్దుబాటు సిద్ధంగానే ఉంది. పంపిన ఉత్తరాన్ని ఆపుకోవడానికి జీమెయిల్ గరిష్ఠంగా 30 సెకన్ల గడువిస్తుంది. అటాచ్‌మెంట్ పెట్టలేదని గుర్తుకు రావడానికే అది చాలదు. ఔట్‌లుక్‌లోని వెనక్కి పిలిచే సదుపాయం సొంత సంస్థ గోడ దాటిన ఉత్తరం మీద పనిచేయదు. పంపినవారు దాన్ని వెనక్కి తీసుకోదలిచారన్న కబురు మాత్రం కొన్నిసార్లు అవతలివారికి భద్రంగా అందుతుంది, దాంతో అప్పటిదాకా ఆ ఉత్తరాన్ని తెరిచి చూడనివారు కూడా పనిగట్టుకుని వెతికి చదువుతారు.