లెక్క అడిగితే "ముట్టవద్దు" అంటారేంటండీ?

ఈమధ్య చర్చి సంఘంలో ఎవరైనా కానుకల లెక్క అడిగితే చాలు, బైబిల్లో 105వ కీర్తన 15వ వచనం తీసి మొహాన కొడుతున్నారు. అభిషిక్తులను, అంటే దేవుడు ఏర్పరచుకున్నవాళ్లను, ముట్టకూడదట! అడిగినవాడు ఆ రోజు నుంచి, మోషే మీద తిరగబడ్డ కోరహు సంతతే. మా వైపు ఒక సంఘంలో, మందిరం స్లాబుకని ఇచ్చిన డబ్బు ఏమైందని అడిగిన ఒక పెద్దావిడను ఆదివారం ప్రసంగంలోనే ఉతికి ఆరేశారు. పేరు పెట్టలేదు లెండి. పెట్టకపోయినా ఎవరి గురించో అందరికీ తెలుసు.

ఆ కీర్తన పైనుంచి ఒక్కసారి చదవండి. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు పట్టుమని పదిమంది లేకుండా, పరదేశులుగా దేశాలు తిరుగుతున్నప్పుడు వాళ్ల జోలికి పోవద్దని దేవుడు రాజులను గద్దించిన మాట అది. బలమున్నవాడి నుంచి దిక్కులేనివాడిని కాపాడిన మాటను, మైకు చేతిలో ఉన్నాయన చాప మీద కూర్చున్న ముసలావిడ మీద వాడుతున్నాడు.

ఆదికాండం 20వ అధ్యాయం ఇంకా బావుంటుంది. భార్య శారాను చెల్లెలని చెప్పి అబ్రాహాము గెరారు రాజు అబీమెలెకును ఇరికించాడు. నిజం తెలిశాక ఆ రాజు అబ్రాహామును పిలిపించి, మాకెందుకిలా చేశావని నిలదీశాడు. అబ్రాహాము సంజాయిషీ ఇచ్చుకున్నాడు. నా ప్రవక్తనే ప్రశ్నిస్తావా అని దేవుడు ఆ రాజును కోప్పడలేదు.

"మరి దావీదు, అభిషేకం పొందిన రాజని సౌలును ముట్టలేదు కదా బ్రదర్" అంటారు. నిజమే, చంపలేదు. కానీ ఏన్గెదీ గుహలోంచి బయటికొచ్చి, కోసిన అంగీ చెంగు చేతిలో పట్టుకుని, 3000 మంది సైన్యంతో తనను తరుముతున్న రాజును వెనక నుంచి పిలిచి మరీ అడిగాడు. నేనేం తప్పు చేశానని నన్ను వేటాడుతున్నావు, యెహోవాయే మనిద్దరికీ తీర్పు తీర్చాలి అన్నాడు. కత్తి ఎత్తకపోవడం వేరు, నోరు మూసుకోవడం వేరు. ఈ తేడా తెలియని వాళ్లు ప్రసంగాలు చేస్తున్నారు.

అన్నిటికంటే నాకు ఇష్టమైంది సమూయేలు ప్రవక్త. తల నెరిసిన మనిషి గిల్గాలులో జనం ముందు నిలబడి, ఎవరి ఎద్దు తీసుకున్నాను, ఎవరి గాడిదను పట్టుకున్నాను, ఎవరి దగ్గర లంచం పుచ్చుకున్నాను చెప్పండి, తిరిగి ఇచ్చేస్తాను అన్నాడు. కొత్త రాజు సౌలు ఎదుటే అన్నాడు. ఎవరూ అడగకుండానే అన్నాడు! అంతకుముందు ఆయన కొడుకులు యోవేలు, అబీయా బెయేర్షెబాలో లంచాలు తింటుంటే, పెద్దలు రామాకు వచ్చి, నీ కొడుకులు నీలాంటివాళ్లు కాదని మొహం మీదే చెప్పారు. రాజు కావాలన్నందుకు దేవుడు వాళ్లను తప్పుపట్టాడు గానీ, కొడుకుల సంగతి ఎత్తినందుకు కాదు. (తండ్రి తర్వాత కొడుకుకే పుల్పిట్ రాసిచ్చేవాళ్లు ఈ అధ్యాయం ఎందుకు బోధించరో మీకే తెలుసు.)

అపొస్తలుడైన పౌలు సంగతి కూడా చూడండి. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం చందా పోగైతే, తన మీద నింద రాకూడదని తన జతపనివాడు తీతుతో పాటు సంఘాలు ఏర్పరచుకున్న సహోదరుణ్ణి కూడా పంపించాడు. దేవుడి ముందే కాదు, మనుషుల ముందు కూడా సరిగ్గా ఉండాలని రాశాడు, 2 కొరింథీ పత్రిక 8వ అధ్యాయంలో ఉంది. పౌలుకే ఆ జాగ్రత్త అవసరమైంది. మనం ఏడాదికోసారి జమాఖర్చులు చదివి, రసీదు పుస్తకం బల్ల మీద పెట్టమంటే మాత్రం ఆత్మీయత తగ్గిపోయిందంటున్నారు.