ఫర్ కోటు పర్యావరణానికి మేలు చేస్తుందా?

"అసలు ఫర్ సహజమైనది, మట్టిలో కలిసిపోతుంది. ఫేక్ ఫర్ అంటే ప్లాస్టిక్. ఫర్ మానేసిన ఫ్యాషన్ కంపెనీలది పబ్లిసిటీ తప్ప మరేం కాదు." ఫర్, అంటే జంతువుల వెంట్రుకలున్న చర్మం గురించి ఏళ్లుగా షేర్ అవుతున్న వాదన ఇది. ఇందులో ప్లాస్టిక్ అన్న మాట ఒక్కటే నిజం.

జంతువు ఒంటి మీద ఉన్నంతసేపే ఫర్ సహజం. ఒలిచిన చర్మం కుళ్లకుండా, వెంట్రుకలు రాలకుండా ఉండాలని ఫార్మాల్డిహైడ్, క్రోమియం లాంటి రసాయనాలతో దాన్ని శుద్ధి చేస్తారు. ఏళ్ల తరబడి చెడిపోకూడదని ఇంత చేసి, అదే కోటు మట్టిలో ఇట్టే కలిసిపోతుందని చెప్పడం మోసం.

పైగా ఫర్‌లో ఎక్కువ భాగం ఫారాల నుంచే వస్తుంది. ఫర్ కోసం పెంచే మింక్, ముంగిసను పోలిన చిన్న జంతువు, మాంసాహారి. కిలో మింక్ ఫర్‌కు 11కు పైగా జంతువులు, 563 కిలోల మేత కావాలని నెదర్లాండ్స్ సంస్థ సీఈ డెల్ఫ్ట్ 2011లో లెక్కగట్టింది. నూలు, ఉన్ని, పాలిస్టర్, యాక్రిలిక్‌లతో పోల్చితే 18 పర్యావరణ అంశాల్లో 17 చోట్ల మింక్ ఫర్‌దే ఎక్కువ భారం. ఈ అధ్యయనం చేయించినవి జంతు సంరక్షణ సంఘాలే, అది దాచక్కర్లేదు. కానీ "ఫర్ పర్యావరణహితం" అన్న ప్రకటనను 2012లో తప్పుపట్టింది బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థ.

"ఫారాల్లో జంతువులను బాగానే చూసుకుంటారు" అనీ అంటారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించే మాట ఇదే. మింక్ ఈదే జంతువు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2001లో మింక్‌లకు రకరకాల సదుపాయాలు పెట్టి, ఒక్కోదాన్ని చేరడానికి బరువైన తలుపు నెట్టాల్సి వచ్చేలా చేశారు. అవి ఎక్కువగా శ్రమపడింది నీటి కొలను కోసం. కొలను అందకుండా చేసినప్పుడు వాటి ఒంట్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్, తిండి అందకుండా చేసినప్పుడు పెరిగినంతగా పెరిగింది. అలాంటి జీవి ఫారంలో ఇనుప వల బోనులోనే పెరిగి, ఆఖరికి గ్యాస్‌తో చస్తుంది. ఇరుకైన బోనులు మనుషులకూ ముప్పే: 2020లో మింక్‌లలో కరోనా వైరస్ మార్పు చెందిందని డెన్మార్క్ కోటిన్నరకు పైగా మింక్‌లను చంపేసింది.

ఫేక్ ఫర్ నుంచి ప్లాస్టిక్ పోగులు నీళ్లలో చేరుతున్న మాట వాస్తవం. అయితే దానికి బదులుగా మింక్‌ను చంపనక్కర్లేదు. ఉన్ని కోటు వేసుకోవచ్చు, మొక్కల నుంచి తీసిన ముడిసరుకు కలిపిన ఫేక్ ఫర్ కూడా వస్తోంది.

ఇక పబ్లిసిటీ సంగతి. ఖరీదైన ఫ్యాషన్ బ్రాండ్లు గుచి 2017లో, ప్రాడా 2019లో ఫర్ మానేస్తున్నట్టు ప్రకటించాయి. 2021లో గుచి యాజమాన్య సంస్థ కెరింగ్ గ్రూపు తన బ్రాండ్లన్నిటికీ అదే నిర్ణయం తీసుకుంది. వాటికి మంచిపేరూ వచ్చి ఉండవచ్చు. కానీ ఇది పేరుతో ఆగలేదు. బ్రిటన్ ఫర్ ఫారాలను నిషేధిస్తూ 2000లోనే చట్టం చేసింది. కాలిఫోర్నియాలో కొత్త ఫర్ దుస్తుల అమ్మకంపై 2023 నుంచి నిషేధం ఉంది. మన దేశం కూడా 2017లో మింక్, నక్క, చిన్చిల్లా (ఎలుక జాతి జంతువు) చర్మాల దిగుమతిని ఆపేసింది.