బిస్కెట్ డబ్బాలోని సగం మాత్రల అట్టకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ సగం అట్ట గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలని ఉంది గానీ కుదరడం లేదు. మా ఇంట్లో కుశలంగా ఉన్నది మీరొక్కరే. నాయనమ్మకు దసరాకు పట్టుకున్న దగ్గు కార్తీకమాసం వెళ్ళిపోయినా వదల్లేదు. మీరు మాత్రం ఫ్రిజ్ మీది బిస్కెట్ డబ్బాలో, కాలం తీరిన కంటి చుక్కల పక్కన హాయిగా పడుకుని ఉన్నారు.

పూర్తి పేరుతో పిలవనందుకు మన్నించాలి. అది ఎవరికీ తెలియదు. మెడికల్ షాపులో కుర్రవాడు కత్తెరతో మిమ్మల్ని అడ్డంగా కోసినప్పుడు పేరులో ముందు సగం, గడువు తేదీ మొత్తం షాపులోనే ఉండిపోయాయి. మాకు దక్కింది ‘మైసిన్’ అనే తోక, నాలుగు మాత్రలు. ఆ తోక చూసే మా బాబాయి మిమ్మల్ని గుర్తుపడతాడు. “పోయినేడు నాకు భలే పనిచేసింది, అమ్మకూ ఇదే వేద్దాం” అంటాడు. అప్పుడు ఆయనకు వచ్చింది పడిశం. అది వైరస్ పని. మీరు బ్యాక్టీరియాను చంపే యాంటీబయాటిక్, వైరస్ మీద మీ మాట చెల్లదు. వారం తిరిగేసరికి దానంతట అదే పోయింది, పేరు మీకొచ్చింది.

మీ వీపు మీద నిలువునా ఒక ఎర్ర గీత ఉంది. డాక్టరు చీటీ లేకుండా ఆ గీత ఉన్న మందు వాడవద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో ప్రచారం మొదలుపెట్టింది. మా బాబాయి లెక్కలో మాత్రం అది మందు బలమైనదనడానికి గుర్తు. అందుకే గీత ఉన్న మాత్రలంటే ఆయనకు గౌరవం ఎక్కువ. మీకంటే పెద్దవాళ్ళైన కొన్ని యాంటీబయాటిక్‌ల కోసం 2014 నుంచి హెచ్1 షెడ్యూలు అనే ప్రత్యేక జాబితా కూడా అమల్లో ఉంది. ఆ జాబితాలోవి అమ్మినప్పుడల్లా డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో రాసి 3 ఏళ్ళు భద్రపరచాలి. మా వీధి షాపులో రిజిస్టరు ఉంది. దానిమీద కత్తెర పెట్టుకుంటారు.

ఇక మీరు చేసిన వైద్యం. నాయనమ్మకు రాత్రి ఒక మాత్ర, మర్నాడు ఒకటి వేశారు. దగ్గు కాస్త సర్దుకోగానే “ఇంక చాలు, వేడి చేస్తుంది” అని ఆపేశారు. మళ్ళీ మొదలైంది. షాపు నుంచి మీ తమ్ముడు వచ్చాడు, అతనూ సగంలోనే రిటైరయ్యాడు. తరువాత అత్తయ్య ఊరినుంచి లీవోఫ్లాక్సాసిన్ అనే మరో యాంటీబయాటిక్ బిళ్ళలు తెచ్చింది. ఎవరికి వాళ్ళు తమ వంతు చేశామని నిద్రపోయారు. నాయనమ్మ దిండ్లు పేర్చుకుని కూర్చునే తెల్లవారించింది. ఆమెను ఎక్కడైనా చూపిద్దామన్న మాట వచ్చినప్పుడల్లా డబ్బా మూత తెరుచుకునేది, అందరి కంగారూ తగ్గిపోయేది. అంతవరకు మీరు బాగా పనిచేసే మందే.

మీ వంశంలో పెద్దవాడు పెన్సిలిన్. దాన్ని 1928లో కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945 డిసెంబరులో తన నోబెల్ ప్రసంగంలో మీ సంగతి ముందే చెప్పాడు. ఎక్స్ గారని ఒకాయనకు గొంతునొప్పి. తనే పెన్సిలిన్ కొనుక్కుని, క్రిములు చావడానికి చాలకుండా, వాటికి మందును తట్టుకునే చదువు చెప్పడానికి మాత్రం సరిపోయేంత వేసుకుంటాడు. చదువుకున్న ఆ క్రిములు భార్యకు అంటుకుంటాయి. ఆమెకు న్యుమోనియా వస్తుంది, పెన్సిలిన్ పనిచేయదు, ఆమె చనిపోతుంది. ఆ కథలో ఎక్స్ గారికి ఏమీ కాలేదు. మా బాబాయి కూడా నిక్షేపంగా ఉన్నాడు.

ఒక మధ్యాహ్నం నాయనమ్మ మా నాన్నను చూసి “ఎవరు బాబూ మీరు?” అని అడిగింది. ఒళ్ళు చూస్తే చల్లగానే ఉంది. వయసు కదా అన్నారు అందరూ. ఛాతీ డాక్టరమ్మ అలా అనలేదు. పెద్దవాళ్ళకు న్యుమోనియా వచ్చినా జ్వరం రాకపోవచ్చని, ఇలా తికమకపడటం, అన్నం వద్దనడం, తూలి పడటమే గుర్తులు కావచ్చని చెప్పి ఎక్స్‌రే తీయించారు. కుడి ఊపిరితిత్తి అడుగున తెల్లటి మచ్చ. రెండు వారాలు దాటిన దగ్గుకు క్షయ ఉందేమో చూడాలని తెమడ పరీక్ష కూడా రాశారు. అది ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. అత్తయ్య బిళ్ళల సంగతి వినగానే ఆవిడ ముఖం మారింది. అవి క్షయ క్రిమిని కొంత అణచి, పరీక్షకు చిక్కకుండా దాచేయగలవట.

తెమడ ఇవ్వడం అంత తేలిక కాదు. పొద్దున్నే నోరు పుక్కిలించి, ఛాతీ లోపలినుంచి దగ్గి తీయాలి. నాయనమ్మ మర్యాదస్తురాలు. డబ్బాలో కాస్త ఉమ్మి వేసి, మూత పెట్టి, పైట చెంగుతో తుడిచి మరీ ఇచ్చింది. ల్యాబువాళ్ళు తిప్పి పంపారు. “పరాయివాళ్ళ చేతికి కళ్లె ఎలా ఇస్తామే?” అని ఆవిడ బాధ. మర్నాడు వీపు నిమురుతూ, బతిమాలుతూ కూర్చుంటే అసలుది వచ్చింది. క్షయ లేదని తేలింది. దొరికిన క్రిమి ఏ మందుకు లొంగుతుందో, దేనికి లొంగదో ఇంకో కాగితంలో వచ్చింది. లొంగని వరుసలో మీ తోక ఉంది. అభినందనలు.

సరైన మందు ఎన్ని రోజులో డాక్టరమ్మే చెప్పారు. ఈ రోజుల్లో న్యుమోనియాకు చాలామందికి ఐదు రోజులు చాలంటున్నారు గానీ, ఆ కోత వాళ్ళు వేయాలి, కత్తెర వేయకూడదు. మందుతోపాటు ఊపిరితిత్తులకు కసరత్తు చేయించే మూడు బంతుల పరికరం కూడా ఇచ్చారు. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి పీలిస్తే బంతులు లేవాలి. నాయనమ్మ దాన్ని బలంగా ఊదింది. “ఊదడం కాదు, పీల్చాలి” అంటే “పొయ్యి ఊదిన నోరమ్మా ఇది” అంది. ఇప్పుడు 600 అని రాసి ఉన్న మొదటి బంతి లేస్తోంది. రెండోది వణికి ఊరుకుంటోంది. మంచం మీద వాలి తినడం మానిపించి, కూర్చోబెట్టి అన్నం పెడుతున్నాం. దగ్గు ఇంకా ఉంది, న్యుమోనియా తగ్గాక కూడా కొన్ని వారాలు ఉండవచ్చట. ఆ మాట బాబాయికి చెప్పలేదు. చెబితే మళ్ళీ మూత తీస్తాడు.

ఇక మిమ్మల్ని ఎక్కడికి సాగనంపాలో తెలియడం లేదు. కాలువలో వేద్దామంటే అక్కడి క్రిములకూ బడి పెట్టినట్టే. హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే కేంద్రం వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో రాశారు. మందు వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. ఆ నీళ్ళకు మీ సాయం అక్కర్లేదు. షాపుకు తీసుకెళితే “కోసిన అట్టలు వెనక్కి తీసుకోమండి” అన్నారు.

కాబట్టి ప్రస్తుతానికి మీ మకాం నా ఆఫీసు సంచిలో. అక్కడ చప్పుడు చేయకండి. బాబాయికి నిన్నటినుంచి గొంతు గరగరగా ఉందట.

ఇట్లు,
నాయనమ్మ మనవరాలు