అష్టసిలిండర యాగం

అమెరికాలో కర్మకాండ అడుగంటిందని బాధపడేవాళ్ళు ఏదో ఒక శనివారం పొద్దున అక్కడి గరాజ్ ముందు నిలబడి చూడాలి. కొత్త కారు కొన్న మన తెలుగువాడు పిట్స్‌బర్గ్ వెంకన్న గుళ్ళో వాహనపూజ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, అరగంటలో హైవే ఎక్కేస్తాడు. అది మూఢనమ్మకమని నవ్వుకునే పక్కింటి దొర మాత్రం షెవ్రొలే వాళ్ళ 1970 నాటి షెవెల్ ఎస్ఎస్ కారు ఇంజను దించి, సిలిండర్లు బోర్ చేయించి, మళ్ళీ ఎక్కించి, దాన్ని తొలిసారి స్టార్ట్ చెయ్యడానికి ఎంత తతంగం నడుపుతాడంటే, సోమయాజిగారెవరైనా చూస్తే కండువా సర్దుకుని ఓ పక్కకి తప్పుకుంటారు.

తమాషా ఏమిటంటే, ఒంటికి మించిన ఇంజను మోసే ఈ 'మజిల్ కార్ల' పుట్టుకే నియమభంగం. మధ్యతరహా కార్లలో 330 ఘనపు అంగుళాలకు మించిన ఇంజను పెట్టరాదని జనరల్ మోటార్స్ (జీఎమ్) పెద్దలు శాసించారు. 1964లో ఆ కంపెనీలోనే ఓ శాఖ అయిన పాంటియాక్ వాళ్ళు 389 ఇంజనును టెంపెస్ట్‌లో దూర్చి, "ఇది కొత్త కారు కాదండీ, ఉన్న కారుకి ఆప్షన్" అని కాగితం మీద చూపించి, జీటీఓ అని పేరు పెట్టారు. చివరికి 1970లో షెవెల్‌కి 454 ఘనపు అంగుళాలతో 450 హార్స్‌పవర్ ఇంజను వచ్చింది. అంత అల్లరిగా పెరిగిన జాతికి ముసలితనంలో ఇంత మడి ఎక్కణ్ణుంచి వచ్చిందో!

క్రతువుకి ముందు అభిషేకం. నెలల తరబడి పొడిగా పడున్న ఇంజనుకి నేరుగా సెల్ఫ్ కొడితే, ఆయిల్ పైకెక్కేలోపు బేరింగులు గీసుకుపోతాయి. అందుకని సిలిండర్లకు నిప్పురవ్వ పంచే డిస్ట్రిబ్యూటర్‌ని పైకి లాగి, ఆ కన్నంలోంచి ఒక కడ్డీ దింపి, డ్రిల్లుతో ఆయిల్ పంపును తిప్పుతారు. షెవీకి (షెవ్రొలేకి) ప్రదక్షిణంగా, పాంటియాక్‌కి అప్రదక్షిణంగా. శాఖాభేదం మరి. మొదట్లో డ్రిల్లు హాయిగా గిర్రున తిరుగుతుంది. ఉన్నట్టుండి దాని గొంతు మారుతుంది, మూలుగుతుంది, మణికట్టును మెలిపెట్టబోతుంది. పంపు ఆయిల్‌ని పట్టుకుందన్నమాట. అప్పుడు క్రాంకును, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసుని, కొంచెం కొంచెం తిప్పుతుంటే పుష్‌రాడ్ల గొట్టాల్లోంచి, వాల్వుల్ని నొక్కే రాకర్ల మీదికి ఒక్కొక్కటిగా తేనెరంగు బొట్లు ఉబుకుతాయి. పదహారు రాకర్లూ తడిసేదాకా కర్త ఫోనెత్తడు.

తరవాత మంత్రం. 1-8-4-3-6-5-7-2. షెవీ వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజనులో, నిప్పు పడే వరస ఇది. స్వరం తప్పి పలికితే ఏమవుతుందో త్వష్టని అడగండి. ఇంద్రుణ్ణి చంపే కొడుకు కావాలని హోమం చేసి, ఇంద్రుడి చేతిలో చచ్చే కొడుకుని కన్నాడు. ఇక్కడ 5, 7 వైర్లు తారుమారైతే అదే ఫలం. అంతకన్నా ఘోరం ఇంకోటుంది. వాల్వులు తెరిపించే కామ్‌షాఫ్ట్ ఒక్క చుట్టు తిరిగేలోపు క్రాంకు రెండు చుట్లు తిరుగుతుంది. అంచేత మొదటి పిస్టన్ రెండుసార్లు శిఖరానికి వస్తుంది, రెండుసార్లూ గుర్తు సున్నా దగ్గరే నిలుస్తుంది. నిప్పు పడాల్సిన అసలు ముహూర్తం ఒకటే. ఏది అసలుదో తేల్చాలంటే ప్లగ్గు తీసేసి ఆ కన్నానికి బొటనవేలు అడ్డం పెట్టాలి; గాలి వేలిని తన్నితే అదే. "నాకు తెలుసులే" అనుకుని దొంగ ముహూర్తానికి డిస్ట్రిబ్యూటర్ దింపినవాడికి అగ్నిదేవుడు కార్బురేటర్ నోట్లోంచి స్వయంగా దర్శనమిస్తాడు. కనుబొమలు మళ్ళీ మొలుస్తాయనుకోండి. యజ్ఞంలో యజమాని పక్కన ధర్మపత్ని ఉండాలన్న నియమం ఇక్కడా ఉంది. ఆవిడ చేతిలో మంటలార్పే సిలిండర్ ఉంటుంది, అంతే తేడా.

ఇక అసలు క్రతువు బ్రేక్-ఇన్, అంటే కొత్త భాగాలు ఒకదానికొకటి అరిగి అమరేలా ఇంజను నడపడం. పాతకాలపు ఫ్లాట్ లిఫ్టర్ల (కామ్ మీద ఆనుకుని వాల్వుల్ని కదిపేవి) ఇంజను అంటుకున్న మరుక్షణం రేజ్ చేసి 2000 నుంచి 2500 ఆర్‌పీఎమ్ మధ్య ఇరవై నిమిషాలు నిలపాలి. ఐడ్లింగ్ మహాపాతకం. కారణం లేకపోలేదు: కామ్ మీది ఎత్తు (లోబు) రవ్వంత ఏటవాలుగా, లిఫ్టరు అడుగు రవ్వంత ఉబ్బుగా ఉంటాయి, ఆ రాపిడిలో లిఫ్టరు తన చుట్టూ తాను తిరుగుతూ అరిగి అమరాలి. కామ్‌కి ఆయిల్ చాలావరకు క్రాంకు చిమ్మితేనే అందుతుంది, నెమ్మదిగా తిరిగితే సరిగ్గా చిమ్మదు. కనక ఒకడు ఎక్సిలేటర్ లింకు పట్టుకుంటాడు, ఒకడు టైమింగ్ లైటు, ఒకడు నీళ్ళ పైపు. కొత్త హెడర్ల (పొగగొట్టాల) రంగు కాలి హోమధూమం లేస్తుంది. ఎవరూ మాట్లాడరు, మాట్లాడినా వినపడదు. వీధి వీధంతా ఇరవై నిమిషాలపాటు పుణ్యం పంచుకుంటుంది, అడక్కపోయినా.

హవిస్సు విషయంలో మాత్రం మతాలు వేరు. పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్లను పాడుచేస్తోందని ఆయిల్లో జింకు-ఫాస్ఫరస్ మందు తగ్గిస్తూ వచ్చారు. 2004లో వచ్చిన ఎస్ఎమ్ అనే ఆయిల్ ప్రమాణం పల్చటి గ్రేడ్లలో ఫాస్ఫరస్‌కి 0.08 శాతం గీత గీసింది. పాత కామ్‌లను అరిగిపోకుండా కాచింది ఆ మందే. అందుకని ఒకాయన బ్రేక్-ఇన్ ఆయిలే పొయ్యాలంటాడు, ఒకాయన విడిగా జింకు సీసా కలపమంటాడు, ఇంకొకాయన డీజిల్ ఇంజను ఆయిల్ అంటాడు. ముగ్గురూ ఒకరి గరాజ్‌లో ఒకరు కాఫీ తాగరు.

అన్నీ చేశాక ఆయిల్ దింపి, ఫిల్టరు కోసి, లోపలి కాగితం మడతలు విప్పి వెలుతుర్లో చూస్తారు. లోహపు తళతళ కనిపిస్తే కామ్ పోయినట్టే. ఆయిల్ అమ్మినవాడు లిఫ్టర్లంటాడు, లిఫ్టర్లవాడు స్ప్రింగులు మరీ గట్టివంటాడు, స్ప్రింగులవాడు కాసేపు ఆలోచించి "ఐడ్లింగ్‌లో పెట్టావా?" అంటాడు. శాస్త్రంలో లోపం ఉండదు, ఎప్పుడైనా కర్తలోనే.

అడుగున చక్రం ఉండే రోలర్ లిఫ్టర్లు వేయించుకుంటే ఈ ఇరవై నిమిషాల గండమే లేదు. జీఎమ్ వాళ్ళు 1987లోనే చిన్న వీ8కి వాటిని తగిలించారు. ఈ మాట పైకి అన్నవాణ్ణి చార్వాకుడిలా చూసి, రెంచి అందిస్తున్న చేతిని కూడా వెనక్కి తీసుకుంటారు.

ఇప్పుడు కరెంటు డాడ్జ్ ఛార్జర్ వచ్చింది. ఆయిల్ లేదు, కామ్ లేదు, మంత్రం లేదు. అయినా వీ8లా గర్జించడానికి ప్రత్యేకంగా స్పీకర్లు పెట్టారు. దాన్ని చూడ్డానికి షోరూమ్‌కి వెళ్ళిన మన కర్త బానెట్ ఎత్తించి, లోపల చాలాసేపు వెతికి, సేల్స్‌మన్‌ని పక్కకి పిలిచి గంభీరంగా అడిగాడట: "స్పీకరుకి బ్రేక్-ఇన్ ఎన్ని నిమిషాలు?"