దయచేసి కుళ్లిన పండ్లు కోళ్లకు వేయకండి

"కోడి కదా, ఏది వేసినా అరిగించుకుంటుంది" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. పోయిన వేసవిలో పక్కింటివారు కుళ్లిన మామిడిపండ్లను గోడ మీదుగా మా పెరట్లోకి వేశారు. ప్రేమతోనే వేశారు. మర్నాడు పొద్దున గంప ఎత్తేసరికి మా ఎర్ర పెట్ట రెక్కలు వేలాడేసుకుని కూర్చుని ఉంది. మెడ కింద మేత నిలిచే సంచిని తడిమితే నీళ్లు నింపిన బుడగలా కదిలింది. నోటి దగ్గర పులిసిన పిండి వాసన. రాత్రంతా ఏమీ తినని కోడికి తెల్లారేసరికి ఆ సంచి ఖాళీ అయిపోవాలి. పశువైద్యుడికి చూపించి, మందు వేసి, అది మళ్లీ మేత ముట్టేదాకా నాకు ముద్ద దిగలేదు.

బూజు పట్టిన పండులో విషాలుంటాయి. మెత్తబడిన చోట కోసేసినా మిగతా భాగాన్ని నమ్మలేం. మనం తినలేనిది కోడికెందుకు?

నేను పండ్లకు విరోధిని కాను. కోడికి చెమట పట్టదు. ఎండాకాలం ముక్కు తెరిచి రొప్పుతుంటే చల్లటి పుచ్చకాయ ముక్క దానికి ప్రాణం లేచొచ్చినట్టే. మా పెట్టలు ఎర్రటి గుజ్జంతా పొడిచి, పచ్చటి చెక్కును కాగితంలా పలచన చేసి వదులుతాయి. బొప్పాయి, జామ, అరటి కూడా పెడతాను. కానీ గుడ్లు పెట్టే కోడి రోజంతా తినేదే నూరు, నూటఇరవై గ్రాములు. పండు అందులో పదో వంతు దాటకూడదు, అంటే ఒక చెంచాడు! గుడ్ల కోడి దాణాలో మాంసకృత్తులు 16 శాతం, కాల్షియం 3.5 శాతం దాకా ఉండాలి. పండులో అవి నామమాత్రం. పండుతోనే కడుపు నింపితే పెంకు పలచబడక ఏమవుతుంది? అందుకే పొద్దున దాణా తిన్నాకే పండు.

ఆపిల్ గింజలు తీసేయండి, వాటిలో సైనైడ్‌గా మారే పదార్థం ఉంటుంది. బటర్ ఫ్రూట్ అని అమ్మే అవకాడో మాత్రం అసలే వద్దు. తొక్క, గింజ, ఆకు కూడా పక్షుల గుండెను దెబ్బతీస్తాయి. మేడ మీద పెంచేవారు కాస్త ముతక ఇసుక కూడా పెట్టాలి, కందనకాయలో మేత నలిగేది ఆ రాళ్లతోనే. మిగిలిన ముక్కలు సాయంత్రానికి ఎత్తేయండి. ఎలుకలు చేరితే వాటి వెనకే పాములు వస్తాయి.

పక్కింటివారికీ ఇదే చెప్పాను: పండ్లు మిగిలితే గోడ మీదుగా వేయకండి, ఒక్క కేక వేయండి. నేనే వచ్చి, చూసి, కోసి పెడతాను.