‘తార’ అంటే ఏ తార? ట్యాగులకు అర్థం అక్కర్లేదన్న వాదనకు జవాబు

వెబ్‌లో సమాచారాన్ని ఎలా సర్దుకోవాలన్న మాట వచ్చిన ప్రతిసారీ ఒక వాదన చేతులు మారుతూ వస్తోంది. టూకీగా అది ఇదీ: “ట్యాగంటే జనం తమకు తోచిన మాట రాసుకోవడం. దానికి అర్థం తగిలించాలని చూడడం వృథా ప్రయాస. పదిమంది రాస్తే అర్థం దానంతటదే తేలుతుంది. పైనుంచి వర్గీకరణ రుద్దితే జనం ట్యాగులు పెట్టడమే మానేస్తారు. ఇదివరకే చాలామంది ప్రయత్నించి చేతులెత్తేశారు. ఇప్పుడైతే ఏఐ ఉండనే ఉంది, అర్థం సంగతి అదే చూసుకుంటుంది.”

వినడానికి సబబుగానే ఉంటుంది. కొంత నిజం కూడా ఉంది. కానీ ఆ కాస్త నిజం మీద నిలబెట్టిన తీర్పు తప్పు. ఎందుకు తప్పో ఒక్కొక్కటిగా చెబుతాను.

ముందు, అర్థం జోడించడమంటే నా ఉద్దేశం ఏమిటో చెప్పాలి. ఒక ఫొటోకు ‘తార’ అని ట్యాగు పెట్టాననుకోండి. ఆకాశంలో తారా, సినిమా తారా, ఆ పేరున్న అమ్మాయా? రాసేటప్పుడు నాకు తెలుసు. రాశాక ఆ సంగతి ఎక్కడా ఉండదు, రెండక్షరాలే మిగులుతాయి. ఆ రెండక్షరాల వెనక అది ఏ తారో చెప్పే గుర్తింపు సంఖ్య ఒకటి కట్టి ఉంచడం, అంతే. పైకి కనబడే మాట నేను రాసినట్టే ఉంటుంది.

“జనం ఎక్కువైతే అర్థం దానంతటదే తేలుతుంది”

ఈ నమ్మకం 2003లో లింకులు దాచుకునే డెలిషియస్, 2004లో ఫొటోలు పంచుకునే ఫ్లికర్ వచ్చిన రోజుల నాటిది. జనం తమ మాటలతో తామే చేసుకునే ఈ సర్దుబాటుకు థామస్ వాండర్ వాల్ అనే సమాచార నిపుణుడు 2004లో ‘ఫోక్సానమీ’ అని పేరు పెట్టాడు. ఆ తర్వాత గోల్డర్, హుబర్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు డెలిషియస్‌ను పరిశీలించారు. ఒక పేజీని సుమారు వందమంది దాచుకునేసరికి, దానికి ఏ ట్యాగు ఎంత వాటాలో పడుతుందో దాదాపు స్థిరపడుతుందని చూపించారు. జనమే తేలుస్తారనేవాళ్లు ఎక్కువగా పట్టుకునేది దీన్నే.

పరిశీలన మంచిదే. అయితే అది వందమంది చేయి పడిన పేజీల గురించి. వెబ్‌లో ఎక్కువ సరుకు ఒకరో ఇద్దరో తప్ప ఎవరూ ముట్టుకోనిది. ఫొటోల సంగతైతే మరీనూ, ఎక్కించినవాళ్లే ట్యాగు పెడతారు, అక్కడితో సరి. ఈ తేడాను వాండర్ వాల్ స్వయంగా గుర్తించాడు. డెలిషియస్‌లాంటి చోట అందరూ ఒకే వస్తువుకు ట్యాగులు పెడతారు కాబట్టి దాన్ని విశాలమైనదన్నాడు, ఫ్లికర్‌లాంటి దాన్ని ఇరుకైనదన్నాడు. ఇరుకైన చోట గుంపే లేదు. గుంపు లేనప్పుడు అర్థాన్ని తేల్చేదెవరు?

ఇంకో సంగతి. స్థిరపడింది మాటల వాటా. మాట స్థిరపడితే అర్థం స్థిరపడినట్టు కాదు. అదే పరిశోధనలో ‘చదవాలి’, ‘నా సామాను’ లాంటి ట్యాగుల ప్రస్తావన ఉంది. వందమంది ‘చదవాలి’ అని రాస్తే ఆ పేజీ చదవడం గురించినది అయిపోదు. ఆ మాట పేజీ గురించి కాదు, రాసినవాళ్ల పని గురించి. యంత్రానికి మాత్రం ‘చదవాలి’, ‘ఖగోళం’ రెండూ ఒకే రకం అక్షరాల వరస.

మన లిపి దగ్గరికి వస్తే ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ‘ఫొటో’ అని కొందరు, ‘ఫోటో’ అని కొందరు. ‘కంప్యూటర్’, ‘కంప్యూటరు’. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు వకారం కిందికి వత్తుగా దిగిపోకుండా నడుమ కంటికి కనబడని అక్షరం ఒకటి కొడతాం. ప్రపంచ లిపుల అక్షరాలకు కంప్యూటర్లో సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అది కొట్టనివాళ్ల ట్యాగు ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. రెండు వేర్వేరు ట్యాగులు, రెండు వేర్వేరు కుప్పలు. ‘ఐత్వం’ గుర్తునైతే యూనికోడ్‌లో ఒక ముక్కగానూ రాయొచ్చు, రెండు ముక్కలుగానూ రాయొచ్చు. చూపుకు తేడా తెలియదు. ముందే ఒక రూపానికి మార్చుకోని సిస్టమ్ వాటిని వేరుగానే లెక్కేస్తుంది. కోట్లమంది ట్యాగులు పెట్టే భాషలో ఇలాంటి చీలికలు గుంపులో కొట్టుకుపోవచ్చు. పదిమందే పెట్టే భాషలో ఆ పదిమందీ నాలుగు కుప్పలుగా విడిపోతారు. జనమే తేలుస్తారనే మాట పెద్ద భాషలకు ఎంత చెల్లుతుందో గానీ, మనకు చెల్లదు.

“ఇది పైనుంచి వర్గీకరణ రుద్దడమే”

రుద్దితే తప్పే, ఒప్పుకుంటాను. ముందే గీసిన అరల్లో దేన్నో ఒకదాన్ని ఎంచుకోమంటే ఎవరికైనా విసుగొస్తుంది. కానీ అర్థం జోడించడానికి దారి అదొక్కటే కాదు.

అభిమానులు రాసే కథల భాండాగారం ఒకటుంది, ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్. 2009 నవంబరులో అందరికీ తెరిచారు, 2019లో సైన్స్ ఫిక్షన్ రంగంలో పేరున్న హ్యూగో అవార్డు అందుకుంది. అక్కడ రచయిత ట్యాగు పెట్టెలో తన ఇష్టమొచ్చింది రాయొచ్చు. పొట్టి పేరు, ముద్దు పేరు, ఒక పూర్తి వాక్యం, ఏదైనా. ఆ మాటను ఎవరూ దిద్దరు. వెనక ట్యాగ్ రాంగ్లర్లు అనే వాలంటీర్లు కూర్చుని, ఈ పొట్టి పేరూ ఆ పూర్తి పేరూ ఒకే పాత్రవని ముడివేస్తారు. ఫలానా ట్యాగు ఫలానా పెద్ద ట్యాగు కిందికి వస్తుందని చెబుతారు. పాఠకుడు ఒక పేరుతో వెతికితే, ముడిపడిన రూపాలన్నిటి కథలూ వస్తాయి. కథ పక్కన మాత్రం రచయిత రాసిన మాటే కనిపిస్తుంది. ఇందులో రుద్దింది ఎక్కడ? నాకైతే వెబ్‌లో మనుషులు ఒకరి మాటను ఒకరు గౌరవించుకున్న మంచి పనుల్లో ఇదొకటి అనిపిస్తుంది. దీని మీద వాళ్లు పోస్తున్న గంటలను చూసైనా “ట్యాగులకు అర్థమెందుకు” అనేవాళ్లు ఒక క్షణం ఆగాలి.

ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో పద్ధతి ఇంకాస్త కటువు. అక్కడ జేఎస్ అని పొట్టిగా కొడితే ఆ ప్రోగ్రామింగ్ భాష పూర్తి పేరు జావాస్క్రిప్ట్‌గా మారిపోతుంది. అయినా ఆ కారణంగా అక్కడ ప్రశ్నలు అడగడం ఎవరూ మానలేదు.

“ఇదివరకే ప్రయత్నించి విఫలమయ్యారు”

ఇందులో నిజముంది. ఫ్లికర్ 2007లో మెషీన్ ట్యాగులు తెచ్చింది. వర్గం, రెండు చుక్కలు, లక్షణం, సమానం గుర్తు, విలువ. ఆ వరసలో రాయాలి. ఫొటో ఎక్కించే మనిషిని ప్రోగ్రామర్‌లా రాయమన్నారన్నమాట. 2008లో మోట్ అనే పథకం వచ్చింది, ప్రతి ట్యాగుకూ దాని అర్థం తాలూకు వెబ్ చిరునామా జోడించాలన్నది దాని ఆలోచన. 2009లో కామన్ ట్యాగ్ వచ్చింది. ఏదీ జనంలోకి వెళ్లలేదు.

ఎందుకు వెళ్లలేదన్నది అసలు ప్రశ్న. వాళ్లు మనిషిని ఎక్కువ కష్టం అడిగారు, బదులుగా అప్పటికప్పుడు ఏమీ ఇవ్వలేదు. ప్రతిఫలం కనబడిన చోట అదే మెషీన్ ట్యాగును జనం ఓపిగ్గా రాశారు. ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ లైఫ్ అనే జీవజాతుల విజ్ఞాన సర్వస్వం ఫ్లికర్‌లో ఒక గ్రూపు నడిపింది. మీరు తీసిన పురుగు ఫొటోకో పిట్ట ఫొటోకో దాని శాస్త్రీయ నామాన్ని మెషీన్ ట్యాగుగా రాసి, వాడుకోవడానికి అనుమతిస్తే, ఆ ఫొటో ఆ జీవి పేజీలోకి చేరేది. తన ఫొటో అక్కడ కనబడుతుందంటే ఆ సమానం గుర్తు ఎవరికీ బరువనిపించదు.

కష్టం కూడా ఇప్పుడు తగ్గింది. వికీపీడియా కుటుంబంలోని సమాచార నిధి వికీడేటా 2012లో మొదలైంది. అందులో ప్రతి భావనకూ ఒక సంఖ్య ఉంటుంది, మనిషికి క్యూ5 అన్నట్టు. 2019 నుంచి, అదే కుటుంబంలోని బొమ్మల భాండాగారం వికీమీడియా కామన్స్‌లో ఒక బొమ్మలో ఏముందో ఆ సంఖ్యలతోనే చెప్పొచ్చు. రాసేవాళ్లు సంఖ్య చూడనక్కర్లేదు. మాట కొట్టడం మొదలుపెడితే కింద పేర్లు, పక్కన చిన్న వివరణ వస్తాయి, ఒకటి నొక్కితే చాలు. ఒకరు జర్మన్‌లో నొక్కింది, ఆ భావనకు తెలుగు పేరు చేర్చి ఉంటే, నాకు తెలుగులో కనిపిస్తుంది. ఉత్త మాటల ట్యాగుతో ఇది జరిగే పని కాదు.

నాకు తగిలిన దెబ్బ ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. ఏళ్లతరబడి లింకులు దాచుకున్న ఒక సర్వీసు మూసేస్తున్నామంది. సామాను దించుకుంటే ఒక ఫైలు వచ్చింది, వరసకో లింకు, పక్కన కామాలతో మాటలు. సగం లింకులు అప్పటికే చచ్చిపోయాయి. మిగిలిన ‘తార’, ‘చుక్క’, ‘మూలం’ దేని గురించో రాసిన నాకే గుర్తు రాలేదు.

“హ్యాష్‌ట్యాగ్ ఉందిగా, చాలు”

2007లో క్రిస్ మెస్సినా ట్విట్టర్‌లో ఆ గుర్తు వాడదామన్నది మాటల గుంపులు కూడగట్టడానికి. నేటి చర్చను నేడు పట్టుకోవడానికి అది బ్రహ్మాండంగా పనికొస్తుంది. పదేళ్ల తర్వాత ఒక వస్తువును వెతికి పట్టుకోవడం వేరే పని.

“ఏఐ చూసుకుంటుంది”

అన్నిటికంటే బలంగా వినబడేది ఇదే. కానీ ఆ ఏఐ చూడడం ఎలా నేర్చుకుందో ఒకసారి చూడండి. బొమ్మలను గుర్తుపట్టడంలో పెద్ద మలుపు తెచ్చిన ఇమేజ్‌నెట్‌ను ఉత్త మాటల మీద కట్టలేదు. వర్డ్‌నెట్ అనే నిఘంటువులోని అర్థాల మీద కట్టారు, ఒక్కో అర్థానికి ఒక్కో సంఖ్య. అందులో బాగా వాడుకలో ఉన్న 1000 వర్గాల జాబితాలో ‘క్రేన్’ రెండుసార్లు వస్తుంది. ఒకటి పొడుగు కాళ్ల పక్షి, ఇంకోటి బరువులెత్తే యంత్రం. మాట ఒకటే, సంఖ్యలు రెండు.

2021లో ఓపెన్ఏఐ క్లిప్ అనే మోడల్ తెచ్చింది. 40 కోట్ల బొమ్మల, వాక్యాల జతలతో నేర్చుకున్నది అది. దాన్ని తయారుచేసినవాళ్లే తమ పత్రంలో ఈ క్రేన్ సంగతి ప్రస్తావించారు. వర్గం పేరుగా ఒక్క మాట మాత్రమే ఇస్తే అది ఏ అర్థంలో వచ్చిందో మోడల్‌కు తేల్చుకునే దారి లేదన్నారు. బాక్సర్ అనేది కుక్క జాతి పేరు కూడా. అందుకని పెంపుడు జంతువుల బొమ్మల దగ్గర ‘ఇది ఒక రకం పెంపుడు జంతువు’ అని మాటకు జోడించారు, ఫలితం మెరుగైంది. అంటే ఏం చేశారు? ట్యాగుకు అర్థం జోడించారు.

బొమ్మలో ఉన్నదాన్ని యంత్రం ఊహించగలదు. నేను ఆ బొమ్మను ఎందుకు దాచుకున్నానో, ఆ గుంపులో ఎవరిని ఉద్దేశించి ‘తార’ అన్నానో అందులో కనబడదు. యంత్రం చేత చేయించాల్సిన పని వేరే ఉంది. నేను ‘తార’ అని కొట్టగానే ఫొటో చూసి “ఆకాశంలోదా, సినిమాలోదా?” అని రెండు చిన్న బొమ్మలు పక్కన పెట్టాలి. నొక్కితే సంఖ్య ముడిపడుతుంది. నొక్కే తీరిక లేకపోతే ట్యాగు ఇప్పటిలాగే ఉత్త మాటగా ఉంటుంది, ఇంకెప్పుడైనా ఇంకెవరైనా ముడి వేయొచ్చు.